పై ఇయర్‌కి వెళ్లే రూలు మా ఇళ్లకూ చెప్పండి: బెంగళూరు ఇంజినీరింగ్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఒక బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను బెంగళూరు యలహంకలో అబ్బాయిల పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడుపుతున్నాను. మా దగ్గర ఉండేవాళ్లలో ఎక్కువమంది హిందూపురం, ధర్మవరం, అనంతపురం వైపు పిల్లలు. ఊళ్లో రైలెక్కితే యలహంక స్టేషన్లోనే దిగొచ్చు, పైగా సాంబారులో బెల్లం వెయ్యనని నాకు పేరుంది. మీ కాలేజీల్లో వాళ్లు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉంటారు. రిజల్ట్స్ వచ్చిన రాత్రి మాత్రం మా డైనింగ్ హాల్లో ఉంటారు. ఆ రాత్రులు చూసీ చూసీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఒక ఇయర్ నుంచి పై ఇయర్‌కి వెళ్లాలంటే పిల్లాడు ఏమేం పాసై ఉండాలో, ఎక్కడ ఆపేస్తారో, అడ్మిషన్ రోజే ఒక్క పేజీలో రాసి ఇవ్వండి. ఆ పేజీ కన్నడ, తెలుగు, తమిళం, మలయాళం, హిందీ, ఇలా వచ్చినవాళ్ల ఇళ్లలో చదవగలిగే భాషలో ఉండాలి.

అంతా వెబ్‌సైట్లో ఉంది కదమ్మా అంటారని తెలుసు. ఉంది. ఒకటికి రెండుసార్లు చదివాను కూడా. ఇంగ్లిష్‌లో పేజీలకి పేజీలు, ఒక రూలులో ఇంకో రూలు నంబరు, దాంట్లో మరో సర్క్యులర్ తేదీ. బీఎస్సీ చదివిన నాకే ఫోర్త్ ఇయర్ కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటే తప్ప అర్థం కాలేదు. ధర్మవరంలో మగ్గం నేసే తండ్రికి అది ఎలా అందుతుంది?

మా తరానికి తెలిసిన చదువు వేరు. ఏడాదికోసారి పరీక్షలు. మార్చిలో తప్పితే అక్టోబర్‌లో సప్లిమెంటరీ. మాలో డిగ్రీ మూడేళ్లూ చదివేసి, మొదటి సంవత్సరం ఇంగ్లిష్ పేపరు చివర్లో పాసైనవాళ్లు ఉన్నారు. ఇప్పుడు తల్లిదండ్రులుగా మీ ఆఫీసు ముందు లైన్లో నిలబడేది ఆ తరమే. పిల్లాడు ఫోన్ చేసి "రెండు పోయాయి నాన్నా" అంటే, "పోతే పోయాయిలే, సప్లీ రాసుకో" అని ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం మంచిదే. కానీ ఇక్కడ లెక్క ఇంకోలా నడుస్తుందని వాళ్లకి చెప్పిన మనిషి లేడు. మా వైపు జేఎన్టీయూ కాలేజీల్లోనూ క్రెడిట్లు చాలకపోతే డిటెయిన్ చేస్తారు. ఆ మాట మాత్రం ఊళ్లో చుట్టాలో, పక్కింటి పిల్లాడో చెప్పేస్తారు. రాష్ట్రం దాటి వచ్చినవాళ్లకి ఆ చుట్టాలూ ఉండరు.

వీటీయూ, అంటే మీలో చాలామంది కాలేజీలు ఉన్న విశ్వేశ్వరయ్య టెక్నలాజికల్ యూనివర్సిటీ, లెక్క నాకు అర్థమైనంత వరకు చెబుతాను, తప్పుంటే దిద్దండి. ఒకటో సెమిస్టర్ నుంచి రెండుకి, మూడు నుంచి నాలుగుకి వెళ్లేటప్పుడు హాజరు సరిపోతే చాలు, ఎన్ని సబ్జెక్టులు పోయినా ఆపరు. ఆపేది ఇయర్ మారేటప్పుడు. 2018 స్కీమ్ (ఆ ఏడాది చేరినవాళ్ల నుంచి మొదలైన సిలబస్, పరీక్షల పద్ధతి) రూల్స్‌లో మొదటి రెండు సెమిస్టర్లూ కలిపి నాలుగుకి మించి ఎఫ్ గ్రేడ్లు, అంటే ఫెయిలైన సబ్జెక్టులు, ఉంటే సెకండ్ ఇయర్‌కి పంపరు. థర్డ్ ఇయర్‌కి వెళ్లేటప్పుడు ఆ నాలుగూ కొత్తగా లెక్కపెట్టేవి కావు. నాలుగు సెమిస్టర్లలో మిగిలినవన్నీ కలిపి నాలుగు. ఫోర్త్ ఇయర్‌కి ఆరు సెమిస్టర్లవీ కలిపి. అంటే ఫస్ట్ ఇయర్‌లో నాలుగు మిగుల్చుకుని సెకండ్ ఇయర్‌లోకి వచ్చినవాడు వాటిలో ఒక్కటీ దాటకపోతే, ఆ ఏడాది కొత్తగా ఒక్క పేపరు పోయినా ఆగిపోతాడు. ఈ సంగతి పిల్లలకి ఏడాది మధ్యలో, జనవరిలో తెలియదు. జనవరిలో ఎవరూ ఆపరు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు. ఆగస్టులో తెలుస్తుంది.

పాస్ మార్కుల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. 2022 స్కీమ్‌లో ఇంటర్నల్స్ 50, సెమిస్టర్ పరీక్ష 50. ఇంటర్నల్స్‌లో 20 రావాలి, పరీక్షలో 18 రావాలి, రెండూ కలిపి 40 కావాలి. సరిగ్గా 20, సరిగ్గా 18 తెచ్చుకున్న పిల్లాడు రెండుచోట్లా గట్టెక్కి 38 దగ్గర ఫెయిలవుతాడు. "ఆంటీ, రెండింట్లోనూ పాసే కదా, ఎఫ్ ఎలా ఇచ్చారు?" అని ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చిన కుర్రాడికి, చపాతీ పిండి కలుపుతూ నేను కూడికలు చెప్పాను. అది చెప్పాల్సింది నేనా?

అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీల్లో సొంత పరీక్షలు, సొంత లెక్కలు. ఒకచోట మేకప్ పరీక్ష (వెంటనే మళ్లీ రాసే పరీక్ష) ఉంటుంది, ఇంకోచోట పోయిన సబ్జెక్టులకి ఎండాకాలంలో ఫాస్ట్ ట్రాక్ సెమిస్టర్ పెడతారు. ప్రైవేట్ యూనివర్సిటీలది మరో దారి. మా పీజీలో ఒకే గదిలో ముగ్గురుంటే ముగ్గురికీ మూడు రూల్స్. ఒకడికి పనికొచ్చిన సలహా పక్క మంచం వాణ్ని ముంచుతుంది. సీనియర్లని అడగండి అంటారు మీవాళ్లు. సీనియర్ చదివింది పాత స్కీమ్. 2018లో ఒకటి, 2021లో ఒకటి, 2022లో ఇంకొకటి. అన్న రూలు తమ్ముడికి పనికిరాదు.

ఒక హిందూపురం అబ్బాయి సంగతి చెప్పాలి. పేరు చెప్పను, కాలేజీ పేరూ చెప్పను. కోవిడ్‌కి ముందు మాట. 2018లో చేరాడు, పి సైకిల్ (మొదటి సెమిస్టర్‌లో ఫిజిక్స్ ఉండే బ్యాచ్). మొదటి సెమిస్టర్‌లో మూడు పోయాయి: మ్యాథ్స్, ఫిజిక్స్, సివిల్. తర్వాతి పరీక్షల్లో ఫిజిక్స్ పాసయ్యాడు, కొత్తగా మూడు పోగొట్టుకున్నాడు. మొత్తం ఐదు. ఒక పేపరుకి రీవాల్యుయేషన్ పెట్టాడు. ఆ రిజల్ట్ రాకముందే మూడో సెమిస్టర్ క్లాసులు మొదలయ్యాయి. వెళ్లి కూర్చోమన్నారు, కూర్చున్నాడు. తండ్రి ఏడాది ఫీజూ కట్టేశాడు. కొన్ని వారాల తర్వాత రీవాల్యుయేషన్‌లో ఏమీ మారలేదని తేలింది, క్లాసు లిస్టులోంచి పేరు తీసేశారు.

పీజీలో ఎవరికీ చెప్పలేదు. ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకి స్నానం చేసి, మెడలో ఐడీ కార్డు వేసుకుని, నా దగ్గర టిఫిన్ బాక్సు తీసుకుని బయల్దేరేవాడు. సాయంత్రం అందరితోపాటే వచ్చేవాడు. నాకు అనుమానం వచ్చింది ల్యాబ్ కోటు చూసి. పిల్లల కోట్లు మా దోబీకి నేనే వేస్తాను. అందరివీ జేబుల దగ్గర మరకలు, మోచేతుల దగ్గర మురికి. వీడిది ఇస్త్రీ మడత విప్పకుండా బ్యాగులోంచి వచ్చేది. రెండు వారాలు చూసి, ఒక ఆదివారం వంటింట్లోకి పిలిచి చిక్కుడుకాయలు ఒలవమని చేతికిచ్చాను. సగం ఒలిచాక చెప్పాడు. పొద్దున మెజెస్టిక్ బస్టాండుకి బస్సెక్కి, అక్కడ ప్లాట్‌ఫాం మీద కాసేపు, తర్వాత లాల్‌బాగ్‌లో కాసేపు, నాలుగయ్యాక తిరుగుబస్సు. "ఇంట్లో చెప్పొద్దు ఆంటీ, నాన్న తట్టుకోలేడు" అన్నాడు.

ఈలోగా ఆ తండ్రే చెనక్కాయల సంచి తీసుకుని పీజీకి వచ్చాడు. "ఏమ్మా, మావాడు రెండో సంవత్సరం బాగా చదువుతున్నాడా?" అని నన్ను అడిగాడు. ఏం చెప్పమంటారు? నేను పిల్లాడి వైపు చూశాను, వాడు చెప్పాడు. తండ్రి కోప్పడలేదు. "ఐదు పోతే ఆపుతారని నీకు ముందు తెల్దా?" అని ఒక్కటే మళ్లీ మళ్లీ అడిగాడు. వాడికి తెలియదు. మూడు పోయినప్పుడు వాణ్ని పిలిచి "నీకింక ఒక్కటే మిగిలింది" అని చెప్పినవాళ్లు కాలేజీలో లేరు. చెప్పి ఉంటే తప్పకుండా పాసయ్యేవాడని నేననను. కనీసం ఆ ఏప్రిల్‌లో కాలేజీ ఫెస్ట్ డాన్సు ప్రాక్టీసుకి రాత్రి పదకొండు దాకా ఉండేవాడు కాదు.

వాడు ఆ పేపర్లు రాసి, ఒక ఏడాది ఆలస్యంగా డిగ్రీ పూర్తి చేశాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు, దీపావళికి స్వీట్ బాక్సు పంపుతాడు.

ఇదంతా విని నేను ఇయర్ బ్యాక్, అంటే ఇలా పై ఇయర్‌కి పంపకుండా ఆపడం, తీసెయ్యమంటున్నానని అనుకోకండి. తీసెయ్యాలని పిల్లలు ధర్నాలు చేసిన సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. నా అభిప్రాయం వేరు. చెన్నైలో మా చెల్లెలి కొడుకు చదివింది అన్నా యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలో. పోయిన పేపర్లని అక్కడ అరియర్స్ అంటారు. హాజరు ఉంటే చాలు, అరియర్స్ ఉన్నా పై సెమిస్టర్లకి వెళ్తూనే ఉంటారు. వాడూ వెళ్లాడు. నాలుగో ఏడాదికి వచ్చేసరికి ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ నుంచి అన్నీ నెత్తిమీద ఉన్నాయి. క్లాస్‌మేట్లు కంపెనీల్లో చేరిపోయాక వాడొక్కడే హాల్ టికెట్ పట్టుకుని జూనియర్ల మధ్య కూర్చునేవాడు. "నో యాక్టివ్ బ్యాక్‌లాగ్స్", అంటే ఇంకా పాసవ్వాల్సిన పేపర్లు ఉండకూడదు, అన్న కంపెనీ ఒక్కటీ వాణ్ని రానివ్వలేదు. నన్నడిగితే సెకండ్ ఇయర్ మొదట్లో ఆపడమే నయం. ఆపే మాట ముందు చెప్పి ఆపండి అంటున్నాను, అంతే.

హాజరు సంగతి కూడా ఆ పేజీలో పెద్ద అక్షరాలతో రాయండి. 85 శాతం కావాలి, సరైన కారణం చూపిస్తే ఇంకో 10 శాతం దాకా మాఫీ చేస్తారు. మా పిల్లలకి ఇది నాలుగేళ్లూ గండమే. సంక్రాంతికి మీకు ఒక్కరోజు సెలవు. మావాళ్లకి భోగి, సంక్రాంతి, కనుమ, ప్రయాణాలు కలిపి వారం. తల్లి ఫోన్ చేసి "అందరూ వస్తున్నారు, నువ్వొక్కడివే రావా" అంటే ఏ పిల్లాడు ఉంటాడు? ఆ వారానికి వాడి హాజరులో ఎంత పోతుందో ఆ తల్లికి తెలిస్తే ఆమే వద్దంటుంది. తెలియకే రమ్మంటోంది. (మా పీజీలో కనుమ నాడు గారెలు పెడుతున్నది ఇందుకే. కొందరైనా ఆగుతున్నారు.)

చివర్లో తెలిసే చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. నాలుగేళ్లలో క్లాసు బయట చేసే సేవా పనులకి ఇచ్చే యాక్టివిటీ పాయింట్లు 100 తెచ్చుకోవాలి, డిప్లొమా చదివి నేరుగా సెకండ్ ఇయర్‌లో చేరినవాళ్లకి 75. మార్కుల్లో కలవవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎనిమిదో సెమిస్టర్‌లో డిగ్రీకి అవి అడ్డం పడతాయని తెలిసి, చెట్లు నాటిన ఫొటోల కోసం మా వీధిలో గునపం అడుక్కున్నవాళ్లని చూశాను. నవ్వొచ్చింది, జాలీ వేసింది. డిప్లొమా నుంచి వచ్చినవాళ్లకి 2018 స్కీమ్‌లో అదనపు మ్యాథ్స్ పేపర్లు కూడా ఉండేవి, క్రెడిట్లు లేకపోయినా పాసవ్వాల్సిందే. క్రెడిట్లు లేవంటే పరీక్షే లేదనుకున్నవాళ్లు ఉన్నారు. కన్నడ పేపరు గురించి మాత్రం మావాళ్లకి దిగులు లేదు. లిపి దగ్గరదే కదా, కన్నడ రానివాళ్లకి పెట్టే బళకె కన్నడ పేపరులో మా అనంతపురం పిల్లలు మంచి మార్కులే తెచ్చుకుంటారు.

బీకాం, బీసీఏ పిల్లలు కూడా మా దగ్గర ఉన్నారు. వాళ్ల ప్రిన్సిపాళ్లకి వేరే ఉత్తరం రాయాలి. ఒక్క ముక్క ఇక్కడే చెబుతాను. కర్ణాటకలో 2021-22లో జాతీయ విద్యా విధానం కింద డిగ్రీని నాలుగేళ్ల పద్ధతికి మార్చారు. ఏడాదికి ఆపేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ, నాలుగేళ్లకి ఆనర్స్. రాష్ట్ర ప్రభుత్వం విద్యా విధానం కోసం వేసిన సుఖదేవ్ థోరాట్ కమిషన్ మధ్యంతర నివేదిక ఇచ్చాక, 2024 మేలో దాన్ని మార్చి, 2024-25 నుంచి చేరేవాళ్లకి మళ్లీ మూడేళ్ల డిగ్రీ అన్నారు. అన్నకి నాలుగో ఏడాది ఉంది, తమ్ముడికి లేదు. ఇద్దరి తల్లీ ఒకతే. ఆమెకి ఎవరు చెప్పాలి?

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఫస్ట్ ఇయర్ పిల్లలకి మీరు ఇండక్షన్ ప్రోగ్రాం పెడతారు. యోగా, మోటివేషన్ స్పీకర్లు, క్లబ్బుల పరిచయం, అన్నీ బాగుంటాయి. సెకండ్ ఇయర్ మొదట్లో ఏమీ ఉండదు. నా కంటికి అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. ఫస్ట్ ఇయర్‌లో అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది, పిల్లాడు భయంతో అయినా చదువుతాడు. మూడో సెమిస్టర్‌కి భయం పోతుంది, బ్రాంచి సబ్జెక్టులు మొదలవుతాయి, పాత పేపర్లు అలాగే ఉంటాయి. మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాళ్లు, మెస్ టైము దాటాక బిర్యానీ ఆర్డర్ పెట్టేవాళ్లు, గదిలో లైటు వెయ్యనివాళ్లు, ఎక్కువమంది సెకండ్ ఇయరే. గొడవ చేసేవాళ్ల గురించి నాకు బెంగ లేదు. అడిగినదానికల్లా "ఏం లేదు ఆంటీ" అనేవాళ్లతోనే టెన్షన్. మీ మెంటర్లు ఒక్కొక్కరి కింద ఎంతమంది పిల్లలున్నారో నాకు తెలియదు. మూడో సెమిస్టర్‌లో ఒక్కసారి, ఒక్కొక్కణ్నీ కూర్చోబెట్టి "నీకు ఇన్ని మిగిలాయి, ఇంకా ఇన్ని పోతే ఆగిపోతావు" అని కాగితం మీద రాసి ఇస్తే పది నిమిషాల పని.

ఇంటికి చెప్పే విషయంలో ఒక మాట. వాళ్లు పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు. మార్కులు రాగానే తండ్రి ఫోన్‌కి మెసేజ్ కొట్టడం నాకు నచ్చదు. మా పీజీలో అలాంటి మెసేజ్ వచ్చిన రాత్రి ఒక అబ్బాయి ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి మేడమీద కూర్చుంటే, తెల్లవారుజాము దాకా నేనూ మా ఆయనా వాడి పక్కనే కూర్చున్నాం. ముందు పిల్లాడికి చెప్పండి. ఇంట్లో చెప్పుకోవడానికి ఒక వారం టైమివ్వండి. ఆ తర్వాత చెప్పండి, మెసేజ్‌లో కాకుండా మనిషి గొంతుతో. రూలు మాత్రం మొదటిరోజు నుంచే ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. రూలు రహస్యం కాదు కదా.

రీవాల్యుయేషన్ రిజల్ట్ యూనివర్సిటీ చేతిలో ఉంటుంది, మీరేం చెయ్యలేరని తెలుసు. అది వచ్చేదాకా అనుమానంలో ఉన్న పిల్లాడి దగ్గర ఏడాది ఫీజు కట్టించుకోకుండా ఉండటం మీ చేతిలోనే ఉంది. ఇయర్ బ్యాక్ అయిన పిల్లాడికి లైబ్రరీ కార్డు ఉంచడం, పోయిన సబ్జెక్టు క్లాసులో వెనక బెంచీలో కూర్చోనివ్వడం కూడా మీ చేతిలోనే ఉన్నాయి. ఆ ఏడాదంతా వాడికి వెళ్లడానికి ఒక చోటంటూ ఉండాలి.

ఈ ఆగస్టులో కొత్త పిల్లలు వచ్చేలోపు ఆ పేజీ తయారు చెయ్యండి. ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో మీరు రాసి, మీ స్కీమ్ ప్రకారం లెక్కలు సరిచూసి సంతకం పెట్టి ఇస్తే, తెలుగు ప్రతి మేం చేసి పెడతాం. మా పీజీలో థర్డ్ ఇయర్ కుర్రాళ్లు ఇద్దరు టైపు చేస్తామన్నారు. ఒకడికి ఇంకా ఎం2 (రెండో సెమిస్టర్ మ్యాథ్స్) మిగిలి ఉంది, వాడు రెట్టింపు శ్రద్ధగా చేస్తాడు. డబ్బులేం అక్కర్లేదు. జిరాక్సులు మీరే తీయించుకోండి.

ఇట్లు,
యలహంకలో పీజీ నడిపే ఒక తెలుగు గృహిణి